గొంతు లేని తుపాకీ

“దూడ కదలడం లేదు.” వాకీటాకీలో యార్మో గొంతు బొంగురుగా వచ్చింది. “చచ్చిన తల్లి పక్కనే నిలబడి ఉంది. నన్ను చూసి కూడా పోవట్లేదు. ఇర్మెలీ, తొందరగా రా. ఇక్కడ కొంప మునిగింది.”

ఇర్మెలి కుక్క తాడు చేతికి చుట్టుకుని స్ప్రూస్ చెట్ల మధ్య నుంచి పరుగులాంటి నడకతో బయటపడింది. రాత్రి పడిన తొలిమంచు మీద ఎర్రటి చారలు. చారల చివర తల్లి మూస్, గుర్రమంత అడవి దుప్పి, పక్కకు ఒరిగి పడి ఉంది. దాని మెడకు ముక్కు ఆనించి, పొడుగు కాళ్ళ మీద వణుకుతూ, ఈ ఏటి దూడ.

పావుగంట కిందటే వేట జట్టు పెద్దగా ఆమె అందరికీ వాకీటాకీలో చెప్పింది. ‘తల్లీ దూడా మీ వైపు వస్తున్నాయి. దూడని కొట్టొచ్చు. తల్లి జోలికి పోవద్దు.’ దూడ వెంట ఉండగా తల్లిని కొట్టడం చట్టం ప్రకారం నేరం. ఈ కైనూ అడవుల్లో అయితే అది చట్టం కన్నా పెద్ద మాట. ఇక్కడివాళ్ళు దొంగతో కలిసి కాఫీ తాగుతారు గాని, తల్లిని కొట్టి నోరు మూసుకున్నవాడితో తాగరు.

“ఎవరు కొట్టారు?” అంది ఇర్మెలి.

“అదే నేనూ అడుగుతున్నాను,” అన్నాడు యార్మో. ఆమె ఈడువాడే. చెట్లు కోసే యంత్రం నడుపుతాడు, నోరు కూడా ఆ యంత్రం లాగే ఆగదు. ఇవాళ మాత్రం ఆగి ఆగి వస్తోంది. “తూటా చప్పుడు విన్నాను. ‘పడింది’ అని ఎవడో ఒకడు చెబుతాడని చూశాను. ఎవడూ నోరు విప్పలేదు.”

కొట్టినవాడు వెంటనే ‘పడింది’ అనాలి. గురి తప్పితే ‘తప్పింది’ అనాలి. ఏమీ అనకుండా ఊరుకోవడం ఈ జట్టులో ఆమె ఎరిగి ఇంతవరకూ జరగలేదు.

దూడ చెవులు ఆమె వైపు తిప్పింది గాని పారిపోలేదు. తల్లి లేకుండా అది చలికాలం దాటదు. దూడను కొట్టే లైసెన్సు ఒకటి మిగిలే ఉంది. ఇలాంటి పని జట్టు పెద్ద ఇంకొకరికి చెప్పకూడదు. కుక్క తాడు యార్మో చేతికిచ్చి ఇర్మెలి తుపాకీ ఎత్తింది.

కొరడా విదిల్చినట్టు ఒక చప్పుడు. అంతే. కొండ పలకలేదు. సరస్సు పలకలేదు. పక్క చెట్టు మీది కాకి కూడా లేవలేదు.

“పడింది,” అంది ఆమె వాకీటాకీలో, అలవాటుగా.

*

వేటగుడిసెలో పొయ్యి మీద సాసేజ్ సూప్ ఉడుకుతోంది. ఎవరూ గిన్నె ముట్టుకోలేదు.

ఆ వారం మిగతా జట్టంతా ఉద్యోగాలకు పోయింది. మిగిలింది ఐదుగురు. బల్ల ఒక కొసన యార్మో. ఎదురుగా అతని అల్లుడు కాస్పెర్. దక్షిణాది పట్నం నుంచి వచ్చినవాడు, జట్టులో చేరి ఇదే మొదటి ఏడు. గోడవైపు ముసలి రేయినో. పొయ్యి పక్క కుర్చీలో, అందరికీ కాస్త దూరంగా, ఇర్మెలి తండ్రి తౌనో కర్పినెన్. ముప్పై ఏళ్ళు జట్టు పెద్దగా ఉండి, ఆ బాధ్యత కూతురికి అప్పగించినవాడు. ఎనభై నాలుగేళ్ళు వచ్చినా మంచె ఎక్కడం మానలేదు. చెవులు మాత్రం ఎప్పుడో పోయాయి. మంటను చూస్తూ కూర్చున్నాడు.

“పొద్దు గుంకేలోగా నేను పోలీసులకు ఫోన్ చేయాలి,” అంది ఇర్మెలి. “ఎవరు కాల్చారని వాళ్ళు మొదటే అడుగుతారు. తెలియదని చెబితే ఈ జట్టు పరువు ఇవాళ్టితో సరి. ఒక్కొక్కరూ విన్నది విన్నట్టు చెప్పండి.”

“నా మంచె ఎడమవైపు కంకర గోతి దగ్గర,” అన్నాడు యార్మో. “చప్పుడు కుడివైపు నుంచి వచ్చింది. కుడివైపు, గోడలా నిలిచిన స్ప్రూస్ చెట్ల కింద ఉన్నదెవరు? మా అల్లుడుగారు.”

“నేను కాల్చలేదు మావయ్యా.”

“మా అమ్మాయి నీ కళ్ళు చూసి చేసుకుంది కదా. ఆ కళ్ళకి అంత దూడ ఆనలేదా?”

“నేను కాల్చలేదంటున్నాను. చప్పుడు నా చెవి పక్కనే అయింది, నిజమే. పక్కన ఎవరో పలక విరగ్గొట్టినట్టు. నేనే ఉలిక్కిపడ్డాను. కాసేపటికి తల్లి నా ముందుకొచ్చి పడిపోయింది.”

“నీ తుపాకీ గొట్టం వాసన చూశాను. మందు వాసన.”

“పొద్దున గుడిసె వెనక చెక్క మీద గురి సరిచూసుకున్నాను. మీరు పక్కనే నిలబడి నవ్వారు కూడా!”

“నవ్వాను. ఎన్ని తూటాలు పేల్చావో లెక్కపెట్టానా?”

తూటా దొరికితే తగువే ఉండేది కాదు. కాని అది జంతువును దూసుకుపోయి మంచులో ఎక్కడో కూరుకుపోయింది.

“ఆగు యార్మో,” అంది ఇర్మెలి. “చప్పుడు వచ్చిన దిక్కును నమ్మడానికి లేదు. మన తుపాకీల మూతికున్న సైలెన్సర్ పేలుడు మోతనే మింగుతుంది. గాలిని చీల్చుకుపోయే తూటా చప్పుడును మింగలేదు. మనకు వినబడేది తూటా పోయిన దారి, తుపాకీ ఉన్న చోటు కాదు. అది స్ప్రూస్ గోడకు కొట్టుకుంటే అక్కడి నుంచే వచ్చినట్టుంటుంది.”

“అయితే ఇంకెవరు? నువ్వు కుక్కతో అడవిలో ఉన్నావు. నేను కాదు. రేయినో బాబాయి ఎక్కడో వెనక, బురద మడి అంచున. ఆయనకు మూస్ పడిన ఆ బయలే కనబడదు.” యార్మో పొయ్యి వైపు గడ్డం ఎత్తాడు. “పెద్దాయన సంగతి ఎత్తక్కర్లేదు. ఆయన తుపాకీ ఒక్కదానికే సైలెన్సర్ లేదు. అది మోగి ఉంటే ఈపాటికి ఈ కిటికీ అద్దాలు రాలేవి.”

రేయినో నవ్వాపుకోలేకపోయాడు. “అద్దాలేం ఖర్మ. ఆ గట్టున పాస్టరుగారి ఆవు పాలు విరిగేవి.”

ఆ మాటకు ఇర్మెలికి కూడా క్షణంపాటు నవ్వొచ్చింది.

*

అప్పట్లో ప్రతి తుపాకీకీ ఒక గొంతు ఉండేది.

ఆమె పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు అమ్మతో కలిసి ఈ గుడిసెలోనే వంటపని చూసేది. బంగాళాదుంపల తొక్క తీస్తుంటే అడవిలోంచి ‘ఠాక్’ అని పొడి చప్పుడు వచ్చేది. “మీ రేయినో బాబాయి,” అనేది అమ్మ తల ఎత్తకుండానే. “దగ్గినట్టుంటుంది ఆయనది. తప్పింది, చూడు, ఇంకోటి కాలుస్తాడు.” ఇంకోటి వినబడేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

నాన్న తుపాకీ సంగతి వేరు. ముందు నేల కింద ఏదో దొర్లినట్టు ఉండేది. ఆ వెనక ఉరుము. అది సరస్సు మీదుగా పోయి, అవతలి కొండను తాకి, తిరిగి వచ్చి, గుడిసె గోడకు తగిలించిన కప్పులను గలగలలాడించేది. అమ్మ చెయ్యి తుడుచుకుని కాఫీ కెటిల్ పొయ్యి మీద పెట్టేది. “మీ నాన్న. ఒక్కటే. పద, దుంపలు ఇంకో నాలుగు వెయ్యి.” వాకీటాకీలు లేని రోజులు. అయినా ఎవరు కొట్టారో, ఎక్కడ కొట్టారో, ఎందరికి అన్నం వండాలో అన్నీ ఆ చప్పుళ్ళే చెప్పేవి. ఆ రోజుల్లో ఏ తప్పయినా దాచిపెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. పిలవకుండానే తుపాకీ యజమాని పేరు అడవంతా చాటి వచ్చేది.

ఆ ఉరుములే నాన్న చెవులను తిన్నాయి. ముందు వసంతంలో అడవికోళ్ళ కూతలు పోయాయి. తరవాత మనవల ముద్దుమాటలు పోయాయి. చివరికి ఆసుపత్రి మంచం మీద అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఏదో అంది. ఆయన వంగి, “ఆఁ? గట్టిగా చెప్పు,” అన్నాడు. అమ్మకు గట్టిగా చెప్పే శక్తి లేదు. ఏమందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

జట్టు పెద్ద అయిన ఏడాదే ఇర్మెలి అందరి తుపాకీలకూ సైలెన్సర్లు పెట్టించింది. ఒక్క నాన్న ఒప్పుకోలేదు. పోయిన వేసవిలో ఆయన తుపాకీ మూతికి కూడా మరలు కోయించి, కొత్త సైలెన్సర్ కొని, తనే చెక్క మీద గురి సరిచేసి, ఎవరికీ చెప్పకుండా ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఈ ఫ్లాస్కులో కాఫీ ఎన్ని గంటలు వేడిగా ఉంటుంది?” అని అడిగి, సొరుగులో పడేశాడు.

*

“నువ్వేం విన్నావు బాబాయ్?” అంది ఇర్మెలి.

“నేనా? ఏమీ వినలేదమ్మాయ్,” అన్నాడు రేయినో. “మీరంతా పలక విరిగింది, కొరడా మోగింది అంటున్నారు. నాకా కొరడా అసలు వినపడనేలేదు. యార్మో వాకీటాకీలో అరిచేదాకా ఎవరో కాల్చారనే తెలియదు. అంతకు ముందు ‘దుప్’ మని ఒక చిన్న చప్పుడయింది. అంతే. మీ నాన్న మంచె తలుపు వేసుకున్నాడనుకున్నాను. నా ముందున్నది ఆయన మంచె ఒక్కటే కదా.”

ఇర్మెలి చేతిలోని గరిటె ఆగింది.

నాన్న మంచెకు తలుపు లేదు. మే నెల గాలికి ఊడి గోతిలో పడింది. బిగించాలి, బిగించాలి అనుకుంటూనే ఆమె బిగించలేదు.

తూటా చప్పుడు తూటాతోపాటు ముందుకు పోతుంది. సైలెన్సర్ ఉన్న తుపాకీకి సరిగ్గా వెనక ఉన్నవాడికి వినబడేది ‘దుప్’ ఒక్కటే.

“సూప్ చల్లారిపోతోంది, తినండి,” అంటూ ఆమె లేచి వసారాలోకి వచ్చింది.

తుపాకీలన్నీ బోల్టులు తీసి వరసగా నిలబెట్టి ఉన్నాయి. నాలుగింటి మూతుల మీద నల్లటి సైలెన్సర్లు. ఐదోది నాన్నది. మడమ దగ్గర చెక్క అరిగిపోయి, ఆయన చెంప ఆనే చోట నునుపుదేరి, ఆమె కన్నా వయసులో పెద్దది. దాని మూతి చివర, మరలను కప్పే ఇత్తడి మూత ఉండాలి. పొద్దున ఆయన బండి దిగినప్పుడు ఆమె చూసింది, ఉంది. ఇప్పుడు లేదు. కొత్తగా కోసిన మరలు వెండిలా మెరుస్తున్నాయి.

కొక్కేనికి వేలాడుతున్న ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టింది. ముందు తగిలింది చెవి మిషన్. దాని కింద చల్లగా, తడిగా, బరువుగా ఆ సైలెన్సర్. ముక్కు దగ్గర పెట్టుకుంది. కాలిన మందు వాసన.

లోపల యార్మో గొంతు పెరిగింది. “ఒప్పుకోరా బాబూ! ఒప్పుకుంటే ఒక్క రోజుతో పోతుంది. ఒప్పుకోకపోతే జన్మంతా నా ముఖం మీద ఉమ్మేస్తారు జనం.”

తరవాత కాస్పెర్ గొంతు, అలసిపోయి. “సరే. నా పేరే చెప్పండి. ఇంక చాలు. నాకు ఈ జట్టూ వద్దు, ఈ వేటా వద్దు. నేనే అని చెప్పేయండి.”

వసారాలో ఇర్మెలి సైలెన్సర్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎంత తేలిక! ఆ మాట పట్టుకుంటే అయిపోతుంది. పట్నం కుర్రాడు, మొదటి ఏడు, తొందరపాటు అంటే పోలీసులు నమ్ముతారు, ఊరు నమ్ముతుంది. అరవై ఏళ్ళలో ఒక్క మచ్చ పడని తౌనో కర్పినెన్ పేరు అలాగే మిగిలిపోతుంది. ఆయనకు ఇంక ఎన్ని వేటలున్నాయి గనక?

ఆమె కోటు సర్ది లోపలికి నడిచింది.

*

తిన్నగా పొయ్యి దగ్గరకు పోయి తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చెవి మిషన్ ఒక చేతిలో, సైలెన్సర్ ఒక చేతిలో చూపించింది.

తౌనో రెండింటినీ చాలాసేపు చూశాడు. చెవి మిషన్ తీసుకోలేదు.

“నువ్వు అంత శ్రమపడి కొన్నావు,” అన్నాడు. చెవిటివాళ్ళ మాట లాగే ఆయన మాట కూడా గుడిసెంతా వినబడేలా ఉంది. “సొరుగులో పడేసినందుకు మనసు పీకింది. ఇవాళ ఒక్కసారి పెట్టి చూద్దాం, సాయంత్రం చెబితే అమ్మాయి సంతోషిస్తుంది అనుకున్నాను. చెవి మిషన్ పొద్దున్నే కుయ్యిమంటే తీసి జేబులో వేశాను. మీరు వాకీటాకీలో ఏం చెప్పారో నాకు తెలియదు.”

తౌనో కుడి భుజం తడుముకున్నాడు.

“ఒంటరి మూస్ అనుకున్నాను. దూడ వెనక మొక్కల్లో ఉండిపోయింది, కనబడలేదు. నొక్కాను. తుపాకీ మూగదైపోయింది, ఇర్మీ. భుజానికి దెబ్బ లేదు, గుండెలో అదురు లేదు. పేలిందో లేదో నాకే తెలియలేదు. అది నడుచుకుంటూ పోయింది. అప్పుడు దూడ బయటికి వచ్చింది.” ఆయన సైలెన్సర్ వైపు వేలు చూపించాడు. “ఈ మాయదారి దాన్ని అక్కడే పీకి జేబులో పెట్టుకున్నాను.”

“మరి ఎందుకు చెప్పలేదు నాన్నా?” ఆమె పెదాలు కదిలించి అడిగింది. ఆయన పెదాలు చదవగలడు.

“ఇదివరకు అయితే నేను చెప్పే పని ఉండేదా? అది మోగితే అందరి తలలూ నా వైపు తిరిగేవి. ఇవాళ గుడిసెలోకి వచ్చాను. ఒక్కడూ నా వైపు చూడలేదు. ఒక్కడూ అడగలేదు. అడిగితే చెబుదామని కూర్చున్నాను. అలా కూర్చున్నకొద్దీ కూర్చోవడం తేలికైపోయింది.” ఆయన బల్ల వైపు తిరిగాడు. కాస్పెర్ ఎర్రబడ్డ కళ్ళు కనబడ్డాయి. “ఆ పిల్లాడు ఏడుస్తున్నాడేం?”

ఇర్మెలి ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది. “అతనే కొట్టాడని అందరూ అంటున్నారు. సరే, నా పేరే చెప్పండని ఒప్పేసుకుంటున్నాడు.”

తౌనో కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. సాయం పట్టబోయిన కూతురి చెయ్యి తోసేశాడు.

“ఇర్మీ, నేను పెట్టిన కట్టుబాటు ఏమిటి?”

కట్టుబాటు అందరికీ తెలుసు, కొత్తగా వచ్చిన కాస్పెర్‌కు తప్ప. తప్పు చేసినవాడి పేరు జట్టు పెద్ద నిలబడి, అందరి ముందు, పూర్తిగా, గట్టిగా ఒకేఒక్కసారి పలకాలి. ఆ పేరుగలవాడు లేచి అందరికీ కాఫీ పోయాలి. ఆ కెటిల్ ఖాళీ అయ్యాక ఆ సంగతి ఈ అడవిలో ఎవరూ ఎత్తకూడదు, చచ్చేదాకా.

“నాచేత పోయించావు తౌనో, గుర్తుందా,” అన్నాడు రేయినో మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు. “పక్క ఊరి సరిహద్దులో కొట్టినప్పుడు. నా పేరు నువ్వు పలికితే ఆ రోజు నీ మీద ఎంత కోపమొచ్చిందో! కాఫీ పోశాక రాత్రి హాయిగా నిద్రపట్టింది.” తౌనోకు ఆ మాట వినబడలేదు.

“నువ్వే చెప్పేశావు కదా నాన్నా,” అంది ఇర్మెలి. “అందరూ విన్నారు. ఇంక పేరు పలకడమెందుకు?”

“నేను చెప్పింది ముసలాడి సణుగుడు. పెద్ద పలికితేనే కట్టుబాటు. నా తమ్ముడి లాంటి రేయినో పేరు నేను పలికాను. నీకు నోరు రాదా?”

యార్మో తల దించుకుని బల్ల మీది రొట్టె ముక్కలను వేలితో కుప్ప చేస్తున్నాడు. “అల్లుడూ,” అన్నాడు, పైకి చూడకుండా. “సూప్ తిను. ముందు నువ్వు తిను.” కాస్పెర్ గిన్నె తన వైపు లాక్కున్నాడు గాని చెంచా ఎత్తలేదు.

ఇర్మెలి లేచి నిలబడింది. పొయ్యి మీద కెటిల్ మూత టపటపలాడుతోంది. గోడకు కప్పులు వరసగా వేలాడుతున్నాయి, అమ్మ తగిలించిన మేకులకే. ఆ కప్పులను గలగలలాడించే ఉరుమును ఆమె మూసేసింది, నాన్న చెవుల కోసమే. ఇవాళ ఆ ఉరుము చేయాల్సిన పని ఆమె గొంతు చేయాలి.

“తల్లిని కొట్టింది…” అంది. పేరు దగ్గర ఆగింది.

తౌనో ఒక అడుగు ముందుకు వేశాడు. కుడి చెవికి అరచెయ్యి దొప్పలా పట్టి ఆమె వైపు వంగాడు, ఆసుపత్రి మంచం దగ్గర వంగినట్టే.

“ఆఁ? వినబడలేదు. గట్టిగా చెప్పు.”

ఇర్మెలి గుండెల నిండా గాలి పీల్చుకుంది. సరస్సు దాటి అవతలి కొండకు తగిలి తిరిగి వచ్చేలా అరిచింది.

“తౌనో కర్పినెన్!”